ఏ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కొనాలి: పాత ఎడిషనా, కొత్తదా?

జూన్ వచ్చిందంటే నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్లోనైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా పుస్తకాల దుకాణాల ముందు రద్దీ మొదలవుతుంది. నోట్‌బుక్కులు, అట్టలు, లేబుళ్ళు కొన్నాక చివర్లో తల్లో తండ్రో అడిగే మాట ఒకటుంటుంది: "ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఉన్నదా?" దుకాణదారు మూడు నాలుగు రకాలు తెచ్చి ముందు పెడతాడు. ఒకటి జేబులో పడుతుంది, ఇంకోటి రెండు చేతులతో ఎత్తాలి. అన్నిటి మీదా ఆక్స్‌ఫర్డ్ అనే ఉంటుంది. ఏది తీసుకోవాలో తెలియక చాలామంది ధర చూసి తేల్చేస్తారు.

ఇంగ్లీషు టీచరును కాబట్టి ఈ ప్రశ్న ఏటా నా దాకా వస్తుంది. జవాబు ముందే చెప్తాను, కారణాలు తర్వాత. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివేవాళ్ళకు ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనండి. సరికొత్తదే కావాలని లేదు. ఎనిమిదో ఎడిషన్ గానీ తొమ్మిదోది గానీ సెకండ్ హ్యాండ్‌లో మంచి ప్రతి దొరికితే నిశ్చింతగా తీసుకోండి. పదో ఎడిషన్ నిజంగా అవసరమయ్యేది కొందరికే. ఆరో ఎడిషన్ కంటే పాతది మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఇక ఏడో తరగతి దాకా పిల్లలకు ఈ పుస్తకమే వద్దు, వాళ్ళకు వేరేది కావాలి.

ముందు పేరు సంగతి

"ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ" అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి వేర్వేరు పుస్తకాలు. ఒకటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. 1884లో మొదటి భాగం అచ్చయి, 1928కి పూర్తయింది. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ 20 సంపుటాలు. ఒక్కో మాట ఎప్పుడు పుట్టింది, ఏ శతాబ్దంలో ఏ అర్థంలో వాడారు అని చరిత్ర మొత్తం చెప్పే పుస్తకం అది. పరిశోధకులకు పనికొస్తుంది, ఇంటర్ పిల్లలకు కాదు.

రెండోది కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్. 1911లో ఫౌలర్ సోదరులు తయారుచేశారు, నూరేళ్ళకు 2011లో పన్నెండో ఎడిషన్ వచ్చింది. మంచి పుస్తకమే, కానీ ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునే వాళ్ళను ఎదురుగా పెట్టుకొని రాసింది. మాటకు అర్థం చెప్తుంది గానీ ఆ మాటను వాక్యంలో ఎట్లా పెట్టాలో పెద్దగా చెప్పదు. వాడకం వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి చెప్పాల్సిన పని లేదు. మన ఇళ్ళలో పాత కన్సైజ్ ప్రతులు చాలా ఉంటాయి. నాన్నదో తాతదో ఉంది కదా, అదే చాలదా అని అడుగుతారు. చదివేటప్పుడు అర్థం చూసుకోవడానికి పనికొస్తుంది. రాయడం నేర్చుకోవడానికి చాలదు.

మూడోదే మనకు కావలసిన అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్ళ కోసమే పుట్టింది. ఎడిషన్ల మధ్య తేడా చూడాల్సింది దీనిలోనే.

పది ఎడిషన్లలో ఏం మారింది

ఈ పుస్తకం పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు, జపాన్‌లో. ఎ. ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు 1924లో జపాన్ వెళ్ళి అక్కడి పిల్లలకు చదువు చెప్పాడు. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో రోజూ చూశాడు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరితో కలిసి వాళ్ళ కోసం ఒక నిఘంటువు తయారుచేస్తే, 1942లో యుద్ధం నడుస్తుండగా టోక్యోలో కైతకుషా అనే ప్రచురణ సంస్థ దాన్ని అచ్చేసింది. దాన్నే ఫొటో తీసి, 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ తన పేరుతో వెలువరించింది. తరగతి గదిలో పుట్టిన పుస్తకం కాబట్టే నాకు దీనిమీద ఇంత అభిమానం. తెలుగు పిల్లల తడబాటుకూ జపాన్ పిల్లల తడబాటుకూ చాలా దగ్గరి పోలికలున్నాయి. వాళ్ళ భాషలోనూ మన భాషలోలాగే క్రియ వాక్యం చివర వస్తుంది, వాళ్ళకూ "ఎ", "ద" అనే ఆర్టికల్స్ లేవు.

రెండో ఎడిషన్ 1963లో, మూడోది 1974లో, నాలుగోది 1989లో వచ్చాయి. అంటే ఒక్కో ఎడిషన్‌కు పదేళ్ళు, పదిహేనేళ్ళు పట్టేది. అయిదోది 1995లో. అక్కడి నుంచి అయిదేళ్ళకొకటి ఠంచనుగా: 2000, 2005, 2010, 2015, 2020. ఈ వేగానికి రెండు కారణాలు, ఒకటి కంప్యూటర్, రెండోది పోటీ.

పోటీ సంగతి ముందు. 1978లో లాంగ్‌మన్ వాళ్ళు తమ నిఘంటువు తెచ్చారు. అర్థాలన్నీ దాదాపు 2,000 తేలిక మాటలతోనే రాస్తామని కట్టుబడ్డారు. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయర్ నాయకత్వాన కోబిల్డ్ అనే నిఘంటువు వచ్చింది. అందులో అర్థాన్ని ముక్కగా కాక పూర్తి వాక్యంగా చెప్తారు. జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును కంప్యూటర్లో పోగేసి, దాన్నిబట్టి ఏ అర్థం ముందు రావాలో తేల్చారు. 1995లో అయితే ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కోబిల్డ్, కేంబ్రిడ్జ్ నాలుగూ ఒకే ఏడాది బరిలోకి దిగాయి. ఆక్స్‌ఫర్డ్ అయిదో ఎడిషన్ కూడా అలా పోగేసిన పది కోట్ల మాటల సేకరణను, బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను, ఆధారం చేసుకుంది. అంటే అందులోని ఉదాహరణ వాక్యాలకు వెనుక నిజమైన వాడుక ఉంది.

ఇక పుస్తకం లోపల ఏం మారిందో చూడాలంటే పాత మూడో ఎడిషన్ తెరవాలి. మన పాత లైబ్రరీల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఏ క్రియ దగ్గరికి వెళ్ళినా పక్కన బ్రాకెట్లో వీపీ6ఏ, వీపీ9, వీపీ12ఏ అని కోడ్‌లుంటాయి. వీపీ అంటే వెర్బ్ ప్యాటర్న్. హార్న్‌బీ ఇంగ్లీషు క్రియలన్నిటినీ 25 రకాల వాక్య నిర్మాణాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చాడు. వీపీ9 అంటే క్రియ తర్వాత "దట్" తో మొదలయ్యే ఉపవాక్యం వస్తుందని. వీపీ12ఏ అంటే రెండు కర్మలు వస్తాయని. ఆలోచన గొప్పది. అంతకు ముందు ఏ నిఘంటువూ విద్యార్థికి ఇంత వివరంగా చెప్పలేదు. కానీ ఆ నంబరు ఏమిటో తెలియాలంటే పుస్తకం మొదట్లో ఉన్న పట్టికకు వెళ్ళాలి. ఎంతమంది పిల్లలు వెళ్తారు? నేను చూసినంతలో ఒక్కరూ వెళ్ళరు. మూడో ఎడిషన్‌ను పిల్లలకు వద్దంటున్నది అందుకే. బీఎడ్ చేస్తున్నవాళ్ళు, ఇంగ్లీషు టీచర్లు మాత్రం ఎక్కడైనా కనబడితే వదలకండి. క్రియల నిర్మాణం అంత పద్ధతిగా నేర్పే పుస్తకం మళ్ళీ రాలేదు.

నాలుగో ఎడిషన్లో నంబర్లు పోయి అక్షరాలొచ్చాయి. ట్రాన్సిటివ్‌కు "టి", నౌన్‌కు "ఎన్", అట్లా. కొంత తేలికైంది, అయినా గుర్తుపెట్టుకోక తప్పదు. ఆ తర్వాతి ఎడిషన్లలో ఆ కోడ్‌లు ఒక్కొక్కటే తగ్గిపోయి, క్రియ తర్వాత ఏం రావాలో నేరుగా చూపించే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు పిల్లలు పట్టిక వెతుక్కోకుండానే చూసి రాసుకోగలరు.

ఆరో ఎడిషన్, 2000లో వచ్చింది, నా దృష్టిలో పెద్ద మలుపు. అర్థాలు రాయడానికి 3,000 మాటల జాబితా ఒకటి పెట్టుకొని, వీలైనంత వరకు దానికి లోబడే రాశారు. పాత ఎడిషన్లలో ఒక కష్టమైన మాటకు ఇంకో కష్టమైన మాట అర్థంగా ఉండేది. పిల్ల దాన్ని వెతుకుతుంది, అక్కడ మూడోది ఎదురవుతుంది, మూడోసారికి పుస్తకం మూసేస్తుంది. జిల్లా పరిషత్ బడిలో ఇది నేను రోజూ చూసేదే. ఆరో ఎడిషన్ నుంచి ఆ అవస్థ బాగా తగ్గింది. అందుకే గీత అక్కడ గీశాను.

ఏడో ఎడిషన్ 2005లో ఇంకో అడుగు వేసింది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు ముందుగా పట్టుకోవలసిన 3,000 మాటలను ఆక్స్‌ఫర్డ్ 3000 అనే పేరుతో ప్రకటించి, వాటి పక్కన చిన్న తాళంచెవి బొమ్మ వేసింది. మాటకు ఆ గుర్తు ఉంటే నేర్చుకో, లేకపోతే అర్థం చూసి ముందుకు పో. గంట సేపట్లో ఇరవై మాటలు వెతికే పిల్లకు ఏది గుర్తుపెట్టుకోవాలో చెప్పే మనిషి పక్కన ఉండడు. ఆ పని ఆ చిన్న బొమ్మ చేస్తుంది.

ఎనిమిదోది, 2010లోది, రాయడం మీద దృష్టి పెట్టింది. పుస్తకం మధ్యలో రైటింగ్ ట్యూటర్ అని కొన్ని పేజీలున్నాయి. వ్యాసం, ఉత్తరం, రిపోర్టు ఎట్లా మొదలుపెట్టాలి, పేరాల మధ్య ఏ మాటలతో అతకాలి అని నమూనాలతో ఉంటుంది. 2015 నాటి తొమ్మిదో ఎడిషన్ దానికి మాట్లాడటాన్ని కలిపింది. ఈ రెంటితో పాటు డిస్కులు కూడా వచ్చేవి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డిస్క్ డ్రైవే ఉండదు కాబట్టి సెకండ్ హ్యాండ్ ప్రతిలో డిస్క్ లేదని వెనక్కి పెట్టకండి.

అట్టమీది అంకెలు చూస్తే ఒక విషయం బయటపడుతుంది. ఏడో ఎడిషన్ తనలో 1,83,500 మాటలు, పదబంధాలు, అర్థాలు ఉన్నాయని చెప్పుకుంది. ఎనిమిదోది 1,84,500 అంది. తొమ్మిదోది 1,85,000 అంది. పదేళ్ళలో పెరిగింది ఒక్క శాతం కూడా లేదు. దుకాణదారు "కొత్తదాంట్ల మాటలు మస్తుగున్నయి సార్" అంటే ఆ మాట పట్టుకొని ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. మారింది మాటల లెక్క కాదు, మాటను వాడటం నేర్పే తీరు.

పదోది ఎవరికి?

2020 జనవరిలో పదో ఎడిషన్ వచ్చినప్పుడు మన పత్రికలు రాసింది ఎక్కువగా భారతీయ మాటల గురించే. ఆధార్, డబ్బా, హర్తాల్, షాదీ, చాల్ చేరాయని వార్త. కొత్తగా చేరిన భారతీయ ఇంగ్లీషు మాటలు 26, వాటిలో 22 అచ్చు పుస్తకంలో, నాలుగు డిజిటల్‌లో మాత్రమే. బస్ స్టాండ్, ట్యూబ్ వెల్, ఎఫ్ఐఆర్, నాన్ వెజ్ కూడా వచ్చాయి. విద్యుత్తు అనే అర్థంలో మనం వాడే "కరెంటు" డిజిటల్‌లో చోటు సంపాదించింది. దేవరకొండలోనూ కల్వకుర్తిలోనూ రోజూ నోట్లో నానే మాటలు ఆక్స్‌ఫర్డ్ పేజీల్లో కనిపిస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ పుస్తకం కొనడానికి అది కారణం కాదు. ఆధార్ అంటే ఏమిటో మన పిల్లకు డిక్షనరీ చెప్పాల్సిన పని లేదు.

పదో ఎడిషన్‌లో అసలు విలువైన మార్పు వేరే ఉంది. ఆక్స్‌ఫర్డ్ 3000 జాబితాను తిరగరాసి, ఒక్కో మాట ఏ స్థాయిదో గుర్తువేశారు. ఏ1 అంటే మొదటి మెట్టు, బీ2 అంటే బాగా వచ్చినవాళ్ళ స్థాయి. దానిపైన ఇంకో 2,000 మాటలు చేర్చి ఆక్స్‌ఫర్డ్ 5000 చేశారు, అది సీ1 దాకా వెళ్తుంది. యూరప్‌లో భాషా స్థాయిలను కొలిచే పద్ధతి ఇది. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల స్కోర్లను కూడా ఈ మెట్లతో పోల్చి చూస్తారు. విదేశాల్లో ఎంఎస్ చేయాలని ఐఈఎల్‌టీఎస్‌కు కూర్చునేవాళ్ళు, పీహెచ్‌డీ వ్యాసాలు ఇంగ్లీషులో రాసేవాళ్ళు పదోది తీసుకుంటే డబ్బు వృథా కాదు. అకడమిక్ రచనలో తరచూ వచ్చే పదబంధాలను కూడా అందులో వేరుగా గుర్తించారు.

మిగతావాళ్ళకు ఎనిమిది, తొమ్మిది చాలు. చాట్‌బాట్, ఫేక్ న్యూస్, మైక్రోప్లాస్టిక్ లాంటి కొత్త మాటలు పదోదాంట్లో చేరిన మాట నిజమే, కానీ అలాంటి వాటిని ఫోన్లో చూసుకోవచ్చు.

ఒక్క ఎంట్రీ దగ్గర కూర్చుని చూడండి

దుకాణంలో పుస్తకం చేతికి రాగానే డి అక్షరానికి వెళ్ళి "డిస్కస్" తీయండి. మన దగ్గర పదో తరగతి పేపర్ల నుంచి ఆఫీసు ఈమెయిళ్ళ దాకా "డిస్కస్ అబౌట్" అని రాస్తారు. తెలుగులో "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి "గురించి" కోసం "అబౌట్" పెడతాం. చిన్న నిఘంటువుల్లో ఈ మాట దగ్గర "చర్చించు" అని ఒక్క ముక్క ఉంటుంది. అది చూసిన పిల్ల "డిస్కస్ అబౌట్" అనే రాస్తుంది, తనది తప్పు కాదు. కన్సైజ్‌లో అర్థం చక్కగా ఉంటుంది, ఈ హెచ్చరిక ఉండదు. ఇటీవలి లెర్నర్స్ ఎడిషన్లలో మాత్రం ఆ ఎంట్రీ కిందే "డిస్కస్ అబౌట్" అనకూడదని ఒక చిన్న గమనిక, కొట్టేసిన తప్పు వాక్యంతో సహా ఉంటుంది. "డిస్కషన్" దగ్గరికి వెళ్ళి చూడమని కూడా చెప్తుంది, ఎందుకంటే నామవాచకానికి "అబౌట్" వాడొచ్చు. ఈ ఒక్క తేడా కోసం నేను ఈ పుస్తకం కొనమంటాను. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు అర్హత పేపరే కావొచ్చు, కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. మాటల అర్థాలు తెలిసినంత మాత్రాన ఆ పేపరు రాయలేం, వాడకం తెలియాలి.

చిన్న పిల్లలకు, మొదటి తరం చదువులకు

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. నారాయణపేట వైపు తండాల నుంచి, దేవరకొండ గుట్టల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఉండరు. లంబాడీ ఇళ్ళలోనైతే బడిలో వినే తెలుగే రెండో భాష. అలాంటి పిల్లకు ఇంగ్లీషు అర్థం ఇంగ్లీషులో చెప్పే పుస్తకం ఇస్తే తలుపు వేసినట్టే. ఏడో తరగతి దాకా ఇంగ్లీష్-ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు ఇవ్వండి. మొదట తెలుగు చూసుకుంటుంది, పోనుపోను ఇంగ్లీషు అర్థం వైపు కన్ను పోతుంది. ఎనిమిదిలో రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. తొమ్మిదికి వచ్చేసరికి లెర్నర్స్ డిక్షనరీకి మారాలి, లేకపోతే ప్రతి వాక్యాన్నీ తెలుగులో అనుకొని ఇంగ్లీషులోకి తిప్పే అలవాటు గట్టిపడిపోతుంది.

బ్రౌన్ దొర నిఘంటువు సంగతి కొందరు అడుగుతారు. అది 1852 నాటిది. తెలుగు భాషకు అపురూపమైన సంపద, కానీ ఇప్పటి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లకు కాదు. శంకరనారాయణ నిఘంటువు కూడా అంతే, పాత పుస్తకాలు చదివేవాళ్ళ బల్ల మీద ఉండాల్సింది.

లాంగ్‌మన్, కోబిల్డ్ సంగతి?

మంచివే. ఆక్స్‌ఫర్డ్ ఎనిమిదో ఎడిషన్ దొరక్క లాంగ్‌మన్ దొరికితే బాధపడకండి. దాని అర్థాలు ఇంకా తేలిక. మాట్లాడేటప్పుడు ఎక్కువగా వాడేవి, రాసేటప్పుడు ఎక్కువగా వాడేవి అని 1995 ఎడిషన్ నుంచి వేర్వేరు గుర్తులుంటాయి. కోబిల్డ్‌లో పూర్తి వాక్యాల అర్థాలు కొందరు పిల్లలకు బాగా ఎక్కుతాయి, కొందరికి పొడుగ్గా అనిపిస్తాయి. నేను ఆక్స్‌ఫర్డ్ చెప్పడానికి ముఖ్య కారణం అది మన దగ్గర సులభంగా దొరకడం, సెకండ్ హ్యాండ్‌లోనూ ఎక్కువగా కనిపించడం.

ఫోన్ ఉండగా పుస్తకమెందుకని ఇంటర్ పిల్లలు అడుగుతారు. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ వెబ్‌సైట్ ఉచితంగానే దొరుకుతుంది, ఉచ్చారణ వినిపిస్తుంది కూడా. ఉచ్చారణకు ఫోనే మేలు, అందులో అనుమానం లేదు. కానీ గురుకుల హాస్టళ్ళలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఉన్నచోట కూడా ఒక మాట కోసం తెరిచి వేరే చోట తేలతారు. పుస్తకంలో వెతికిన మాట పైన, కింద ఉన్న మాటల మీద కూడా కన్ను పడుతుంది. రెండూ ఉంచుకోండి: ఇంట్లో పుస్తకం, బయట ఫోన్.

కొనేటప్పుడు

సెకండ్ హ్యాండ్ కోసం హైదరాబాద్ కోఠి వైపు గానీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు గానీ వెళ్ళేవాళ్ళు ఉంటే చెప్పి తెప్పించుకోండి, సగం కంటే తక్కువకే వస్తుంది. కొన్ని ప్రతులతో ఆన్‌లైన్ కోడ్ వస్తుంది. పాత ప్రతిలో అది ఇదివరకే వాడేసి ఉంటుంది కాబట్టి దానికి విడిగా డబ్బు ఇవ్వకండి.

నకిలీ ప్రతుల బెడద నిజమైనది. మా బడి పిల్ల ఒకరు జాతరలో కొన్నది చూశాను. అట్ట అసలుదానిలాగే ఉంది, లోపల ఎస్ అక్షరంలో పదహారు పేజీలు రెండుసార్లు కుట్టి ఉన్నాయి, టి మొదలే లేదు. ఇలాంటివి పట్టుకోవడానికి ముందు కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడండి, వెనక పేజీ అక్షరాలు మరీ స్పష్టంగా కనిపిస్తే అనుమానించండి. తర్వాత మాట పక్కనుండే ఉచ్చారణ గుర్తుల మీద కన్ను వేయండి. ఫొటో తీసి అచ్చేసిన ప్రతుల్లో ఆ చిన్న చుక్కలు, గీతలు అలికిపోతాయి, తాళంచెవి బొమ్మ నల్లటి మచ్చలా ఉంటుంది. చివరగా పేజీ నంబర్లు ఎక్కడైనా తెగాయేమో అక్కడే నిలబడి తిరగేయండి, దుకాణదారు విసుక్కున్నా సరే. టైటిల్ పేజీ వెనక ఎడిషన్, ఆ కింద ముద్రణ సంవత్సరం ఉంటాయి. అట్ట మీద "న్యూ ఎడిషన్" అని ఉన్నా నమ్మాల్సింది ఆ పేజీనే.